ఊ కొట్టడం

త్రియెస్తె రేవులో బోరా గాలి లేచినప్పుడు
మా అమ్మమ్మ కాలంలో వీధుల వెంట తాళ్ళు కట్టేవాళ్ళు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
నలభై ఎనిమిదో ఏట నేను
అలాంటి తాడొకటి పట్టుకుని కోడ్ రాయడం నేర్చుకున్నాను.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు
కాఫీ గింజల కంపెనీలో టెలిఫోన్ దగ్గర కూర్చున్నదాన్ని.
"ఏడో గోదాములో సాంతోస్ బస్తాలెన్ని?" అంటే
అటునుంచి ముందు లీబెరో దగ్గు,
కాసేపటికి అంకె.
ఆ దగ్గు వినబడితే చాలు,
మనిషి ఉన్నాడు, లెక్కపెడుతున్నాడు.

ఫోన్లు తీసేశారు.
చిట్టాలు ఒక యంత్రంలో, గోదాము ఇంకో యంత్రంలో,
కస్టమ్స్ వాళ్ళది మూడోదాంట్లో. అది మహా పెంకిది,
చిన్నక్షరాలు చదవదు, తేదీ వెనకనుంచి రాస్తుంది.
"సిన్యోరా ఫుల్వియా, ఈ ముగ్గురి మధ్యా మాట నడిపించడమే మీ పని,"
అన్నాడు యెర్నెయ్.
కొండమీది స్లొవేన్ పల్లె కుర్రాడు.
ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష,
గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు
మాట మార్చుకోవడం పుట్టుకతో వచ్చినవాడు.

మొదట నేర్చుకున్నది మర్యాద.
ఏ తలుపు తట్టాలి, ఎవరమని చెప్పుకోవాలి,
ఏది అడగొచ్చు, ఏది అడిగితే బాగోదు.
లేనిదాన్ని అడిగితే నాలుగు వందల నాలుగు.
తప్పు మనదైతే నాలుగుతో మొదలు,
తప్పు అవతలివాళ్ళదైతే ఐదుతో.
పద్దెనిమిదేళ్ళ కాపురంలో
తప్పెవరిదో ఇంత తేటగా
నాకెవరూ తేల్చి చెప్పలేదు.

ఫిబ్రవరిలో నా మొదటి సర్వీసు ఊపిరి పోసుకుంది.
మూడువందల ఇరవై బస్తాలు,
గ్రాట్స్‌లో కాఫీ వేయించే వాళ్ళకి.
పంపాను.
జవాబు లేదు.
ముప్పై సెకన్లు. గడువు దాటింది.
జవాబు రాకపోతే మళ్ళీ అడగమని రాసింది నేనే.
మళ్ళీ అడిగింది.
మళ్ళీ.
మళ్ళీ.

కథ చెబుతుంటే ఎదుటివాళ్ళు ఊ కొట్టకపోతే
వినలేదనుకుని మళ్ళీ చెబుతాం కదా.
గోదాము విన్నది. మొదటిసారే విన్నది.
ఊ కొట్టింది కూడా.
ఆ ఊ దారిలో ఎక్కడో రాలిపోయింది.

పొద్దున్నే ఏడింటికి నాలుగు లారీలు.
గాలికి టార్పాలిన్లు చెంపలు వాయించుకుంటున్నాయి.
గ్రాట్స్ నుంచి వచ్చిన ఫోను నేనెత్తలేదు.
యెర్నెయ్ తిట్టలేదు, లాగ్ తెరిచి చూపించాడు:
నా గొంతు నాలుగుసార్లు, పొల్లు కూడా మారకుండా.
తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం లీబెరో వచ్చాడు,
రిటైరవడానికి ఐదు నెలలుంది, జేబులో ఇంకా సుద్దముక్క.
"మా రోజుల్లో ప్రతి చీటీకీ ఒక నంబరు.
అదే నంబరు మళ్ళీ వస్తే బస్తా కదిపేవాణ్ణి కాదు.
ఇచ్చేశాను పొమ్మనేవాణ్ణి.
కోప్పడేవాణ్ణి కూడా కాదు.
అడిగినవాడు మర్చిపోవచ్చు. ఇచ్చినవాడు మర్చిపోకూడదు."

పుస్తకంలో ఈ సంగతికి పదహారు పేజీలు, ఒక పెద్ద పేరు.
ఆ పేరు నాకిప్పటికీ నోరు తిరగదు.
బల్లమీద లీబెరో గీసిన నంబరు మాత్రం
వారం దాకా తుడవలేదు.

ఇప్పుడు నా చీటీలన్నిటికీ నంబర్లున్నాయి.
నిన్న కావాలనే మధ్యలో కేబుల్ పీకాను.
మూడుసార్లు అడిగింది.
గోదాము మూడుసార్లూ ఒకే మాట చెప్పింది, లారీ ఒక్కటే కదిలింది.

ఇంకొక్కటి.
పెద్ద లెక్కలకి గోదాము చాలాసేపు తీసుకుంటుంది.
ఆ మౌనం నాకు పడదు.
పని నడుస్తోంది, ఉండండి అని
మధ్యలో చెప్పే ఒక చిన్న ఫంక్షన్ రాశాను.
అవసరం లేదన్నాడు యెర్నెయ్.
తర్వాత దాని పేరు చదివి, ఉండనిచ్చాడు.
దాని పేరు దగ్గు.